ఏరుకున్న కంబళి

మా నాన్న తల్లి, మా జేజి చిన్నసుబ్బమ్మ అబద్ధం చెప్పదు. గొప్పలు మాత్రం చెబుతుంది. ఆ గొప్పలన్నీ నిజాలే కావడంతో ఊళ్ళో ఎవరూ ఆమెను ఏమీ అనలేరు. జమ్మలమడుగు చుట్టుపక్కల గొర్రెలు కాసే మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఉన్ని వడకాలి, మగవాళ్ళు మగ్గం మీద కూర్చోవాలి. అది పద్ధతి. తాత చిన్నసుబ్బయ్య పోయాక ఇంట్లో ఇక నేసేవాళ్ళు లేరని, మగ్గం గుంత పూడ్చడానికి మావాళ్ళు పలుగూ పారా తెచ్చారట. జేజి పోయి ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, "పూడ్చండి, నాతో పాటు పూడ్చండి" అందట. ఆ రోజు నుంచీ మా ఇంటి కంబళి ఆమె చేతిదే.

మా అమ్మ నాగలత చక్రాయపేట నుంచి ఈ ఇంటికి కోడలై వచ్చింది. ఆమెది ఎడమచేతి వాటం. అదే ఆమె నేరం. జేజికి కాళ్ళ నొప్పులు వచ్చి పడుకున్నప్పుడు, మంద వెంట పోయినప్పుడు, అమ్మ గుంతలో దిగి నేసేది. జేజి తిరిగొచ్చి అది చూసి, వేలితో తడిమి, పెదవి విరిచేది.

"నీ ఎడంచేతి నేత గొర్రెల కిందికి కూడా పనికిరాదు మే" అనేది.

అమ్మ నేసినవాటిని జేజి పారెయ్యలేదు. ఉన్నిని పారెయ్యడం మా ఇళ్ళలో పాపం. కంబళ్ళ దొంతిలో అమ్మవి అడుగున పెట్టి, తనవి పైన పేర్చేది. కొనడానికి వచ్చినవాళ్ళకు పైవే దొరికేవి. అడుగువి అడుగునే ఉండిపోయేవి. ఈ దొంతి మీద నాకు చిన్నప్పటి నుంచీ మంటే. ఒకసారి అడిగేశాను కూడా. "నీ వయసెంత, నీ నోరెంత" అని జేజి నన్ను మందకు తోలింది.

ఇంకో సంగతి చెప్పాలి. మా గొర్రెలకు చెవి మీద రెండు ఏటవాలు గాట్లు ఉంటాయి. బీడులో పది మందలు కలిసిపోయినా ఆ గాట్లు చూసి మావి మేము విడదీసుకుంటాం. కంబళి నేయడం అయ్యాక జేజి దాని మూలన తెల్ల ఉన్నితో అవే రెండు గీతలు కుడుతుంది. అది మా ఇంటి గుర్తు. అమ్మ కూడా కుడుతుంది. కాకపోతే ఎడమచేతి సూది కాబట్టి జేజి గీతలు కుడివైపు వాలితే అమ్మవి ఎడమవైపు వాలుతాయి. బయటివాళ్ళకు ఆ తేడా కనిపించదు. జేజికి అది కంట్లో నలుసు.

పోయిన చలికాలం జేజికి కంటి శుక్లాల ఆపరేషన్ అని మా నాన్న శ్రీనివాసులు ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. ఆ రోజుల్లోనే గండికోట దగ్గర ఏదో వెబ్ సిరీస్ షూటింగ్ జరుగుతోంది. ఆ షూటింగ్ మనిషి ఒకాయన కంబళి కావాలని మా ఇంటికి వచ్చాడు. అప్పుడు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఆయన దొంతి అంతా దించి, ఒక్కొక్కటీ వెలుతురులో పట్టి చూసి, ఒకటి తీసుకుపోయాడు. జేజి నల్లద్దాలతో ఇల్లు చేరగానే సంగతి విని అడిగిన మొదటి మాట ఇది:

"ఏదిచ్చినావు మే?"

"నేనియ్యలే అత్తా. ఆయప్పే ఏరుకున్నాడు" అంది అమ్మ.

"ఏరుకున్నాడంటే నాదే" అంది జేజి. ఆ మాటతో విచారణ ముగిసిపోయింది. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

వేసవి సెలవులకు నేను ఇడుపులపాయ కాలేజీ నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ సిరీస్ విడుదలై ఉంది. చివరి భాగంలో పెద్దాయన వేషం వేసిన నటుడు వానలో కంబళి కప్పుకుని కొండ దిగి వస్తాడు. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ కంబళి జేజిదని ఊరందరికీ తెలుసు, ఎందుకంటే జేజే చెప్పింది. సంతలో చెప్పింది, బస్సులో చెప్పింది, ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పింది.

ఒప్పుకోనివాడు ఒక్కడే. ఆదినారాయణ. మా ఊళ్ళో సగం పొలం వాళ్ళదే. కోతలయ్యాక ఎరువు కోసం మా మందను ఆ పొలాల్లోనే రాత్రుళ్ళు కట్టేస్తాం. చెడ్డవాడు కాదు కానీ, నవ్వులాటకు ఎవరో ఒకరు దొరకకపోతే ఆయనకు పొద్దుపోదు. రచ్చబండ దగ్గర అందరి ముందూ అన్నాడట:

"సినిమావాళ్ళకు యాడా కంబళ్ళు దొరకనట్టు నీ ఇంటికొచ్చినారా అవ్వా? అది మిషన్ మీద నేసిందిలే. యాడో పై రాష్ట్రం నుంచి తెచ్చింటారు."

"మూలన మా ఇంటి గాట్లు ఉంటాయప్పా. చూపిస్తా" అంది జేజి.

"చూపించు. కనపడితే ఒప్పుకుంటా."

అలా ఆ పని నా నెత్తిన పడింది. ఇంజనీరింగ్ చదివే పిల్ల ఇంట్లో ఉంటే బల్బు మాడినా ఆమెదే బాధ్యత, సిరీస్‌లో కంబళి మూల కనపడకపోయినా ఆమెదే బాధ్యత.

ముందు మా ఇంటి టీవీలో పెట్టాను. అది పాత టీవీ. దానికి నాన్న ప్రొద్దుటూరులో సిరీస్‌లు వచ్చే డబ్బా ఒకటి కొని తగిలించాడు. పెద్దాయన కొండ దిగుతున్నాడు, వాన పడుతోంది, భుజాల మీద ఏదో నల్లగా ఉంది. అంతే. మూల ఎక్కడో, అంచు ఎక్కడో కూడా తెలియడం లేదు.

జేజి కొత్త కన్ను చిట్లించి చూసి, "నా కంటికి శుక్లాలు తీసినారు గానీ ఈ టీవీకి తీయలేదు మే" అంది.

నేను వివరించాను. ఈ సిరీస్‌లు చూపించే కంపెనీలు ప్రతి పరికరాన్నీ పరీక్షించి ముద్ర వేస్తాయి. ముద్ర ఉన్నదానికే శుభ్రమైన బొమ్మ పంపిస్తాయి. ముద్ర లేనిదాన్ని నమ్మవు. అందులోంచి ఎవరైనా కాపీ తీసుకుంటారేమోనని మసక బొమ్మ మాత్రమే ఇస్తాయి. నాన్న కొన్న డబ్బాకు ఆ ముద్ర లేదు. తరగతిలో మా సార్ ఇదే సంగతి గంటసేపు చెప్పారు, సగం మందికి అర్థం కాలేదు.

"అంటే ఈ డబ్బాకు చెవి గాటు లేదు. గాటు లేని గొర్రెను ఎవరు దొడ్లోకి రానిస్తారు?" అంది జేజి.

నా ఫోన్‌లో పెట్టి చూశాను. అదీ చవక ఫోనే కాబట్టి అదే మసక. సరే, స్క్రీన్‌షాట్ తీసి పెద్దది చేద్దామని తీస్తే నల్లటి చదరం వచ్చింది. మళ్ళీ తీశాను, మళ్ళీ నలుపే. బొమ్మను ఎవరూ ఎత్తుకుపోకుండా కంపెనీ పెట్టిన తాళం అది. జేజి ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, దిష్టి తగలకుండా నల్లగుడ్డ కప్పినారు, మంచిదే అంది.

నాన్న గొంతు తగ్గించి, "దొంగ కాపీ దొరుకుతాదంట మా. ఎవురో ఫోన్లో ఏసుకుని తిరుగుతాండారు. దాంట్లో బాగా కనపడుతాదేమో" అన్నాడు.

జేజి కొడుకు వైపు చూసిన చూపుకు నేనే ఒక అడుగు వెనక్కు వేశాను.

"దొంగిలించిన గొర్రెను కోసి పండగ చేసుకుంటామా రా? వాళ్ళ పనికి వాళ్ళు గాటు పెట్టుకున్నారు, మన పనికి మనం పెట్టుకున్నాం. నా కంబళిని నేను దొంగచాటుగా చూడాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు."

నాన్న తలగుడ్డ సర్దుకుని మంద దగ్గరికి పోయాడు. నాకు మాత్రం మా జేజి మీద అప్పుడు పొంగుకొచ్చిన గౌరవం ఇంతా అంతా కాదు. మా హాస్టల్లో దొంగ కాపీ చూడని పిల్ల ఒక్కతి లేదు, నాతో కలిపి.

మూడో ప్రయత్నం ఊరందరి ముందు జరిగింది, మా పరువు పోవడానికి. ఆదినారాయణ దగ్గర ఒక పాత ప్రొజెక్టర్ ఉంది. క్రికెట్ పోటీలప్పుడు దాన్ని బడి గోడ మీద వేస్తారు. ఆయనే పంపించాడు, "గోడంత కంబళి చూద్దాం" అని. పొద్దు గూట్లో పడగానే జనం చేరారు. కుర్చీలు వచ్చాయి, చెనక్కాయలు వచ్చాయి. నేను నా ల్యాప్‌టాప్ తగిలించి చివరి భాగం పెట్టాను. వాన చప్పుడు వచ్చింది. సంగీతం వచ్చింది. పెద్దాయన దగ్గు కూడా వినిపించింది. గోడ మీద మాత్రం నల్లటి నలుపు.

నాకు కారణం తెలుసు. బొమ్మ వెళ్ళే దారిలో ప్రతి పరికరమూ నేను దొంగను కాను అని ముందున్నదానికి చెప్పుకోవాలి. ఈ పాత ప్రొజెక్టర్‌కు ఆ మాట చెప్పడం రాదు. క్రికెట్‌కు ఆ తాళం లేదు, దీనికి ఉంది. తెలిసి ఏం లాభం? వైరు పీకి పెట్టాను, తిప్పి పెట్టాను, చెమటలు పట్టాయి.

"ఎందుకమ్మా కష్టపడతావు, కంబళి కనపడుతానే ఉండాది గదా. గోడ నిండా కప్పినారు" అన్నాడు ఆదినారాయణ.

జనం పడీ పడీ నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది. అమ్మ లేచి నా పక్కకు వచ్చి నిలబడింది. జనం నవ్వు ఆగేదాకా జేజి కూర్చుని, తర్వాత లేచి కొంగు దులుపుకుంది.

"నవ్వుకోండి. నా గాట్లు యాడికీ పోవు" అంది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే బిగువే ఉంది. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముట్టలేదు. డెబ్బై ఏళ్ళు మాట మీద నిలబడ్డ మనిషిని ఒక నల్లగోడ అబద్ధాలకోరును చేసింది. నేను చదివే చదువు మీద నాకే అసహ్యం వేసింది.

ఆదినారాయణకు కూడా రాత్రి నిద్ర పట్టలేదో ఏమో, పొద్దున్నే మా గడప ముందుకు వచ్చాడు.

"అవ్వా, నిన్న రోంత ఎక్కువ నవ్వినానులే. పులివెందులలో మా ఇంకో ఇంట్లో కొత్త టీవీ ఉండాది. గోడంత ఉంటాది. ఆదివారం బండి తెస్తా, అందరమూ పోదాం. దాంట్లో కనపడకపోతే ఇంక యాడా కనపడదు."

జేజి ఒప్పుకుంది. "నాగలతా, నువ్వూ రా" అంది. అమ్మ మొహం పాలిపోయింది.

"నేనెందుకత్తా, గొర్రెలుండాయి" అంది.

"గొర్రెలను నా కొడుకు చూసుకుంటాడు. నువ్వు రా."

ఆ రోజు అమ్మ భయమెందుకో నాకు తెలియలేదు. కలవాళ్ళ ఇంటికి పోవాలంటే బెదురేమో అనుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

పులివెందుల ఇంట్లో టీవీ నిజంగానే గోడంత ఉంది. ఆదినారాయణ కూతురు చందన మాకు మజ్జిగ ఇచ్చి, సిరీస్ పెట్టింది. ఊరి నుంచి వచ్చిన నలుగురైదుగురు పెద్దమనుషులు సోఫాల్లో కూర్చున్నారు. పెద్దాయన కొండ దిగుతున్నాడు. మా ఇంటి టీవీ కంటే నయమే, అయినా అంచులు అలుక్కుపోయే ఉన్నాయి. అంత టీవీలో కూడా ఇదేమిటని చూస్తే, ఆ ఇంట్లో తీసుకున్నది అన్నిటికంటే చవక ప్లాన్. ఆ ప్లాన్‌కు అంతకు మించి స్పష్టమైన బొమ్మ పంపరు.

"గోడంత టీవీకి గోచీ అంత ప్లానా నాయనా?" అంది చందన తండ్రితో. నేను అనాలనుకుని మింగిన మాట అది. చందన ఫోన్ తీసి అక్కడికక్కడే ప్లాన్ మార్చింది. సిరీస్ ఆపి మళ్ళీ పెట్టింది.

ఈసారి వాన చుక్కలు ఒక్కొక్కటీ కనిపించాయి. పెద్దాయన గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. కంబళి కనిపించింది. నేను పుట్టినప్పటి నుంచీ చుట్టూ చూస్తున్న ఆ నల్ల ఉన్ని అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. చింతగింజల గంజి పట్టించిన బిగువు, నీళ్ళు లోపలికి దిగకుండా పైనే జారిపోవడం, నేతలో ఒక్క పోగు కూడా వదులుగా లేకపోవడం, అన్నీ తెలుస్తున్నాయి.  పెద్దాయన బండ మీద కూర్చోబోతూ కంబళిని ముందుకు లాక్కున్నాడు. మూల అతని మోకాలి మీదికి వచ్చింది.

చందన అక్కడ ఆపింది.

తెల్లగా రెండు గీతలు.

"ఒప్పుకుంటాండా అవ్వా" అన్నాడు ఆదినారాయణ. లేచి నిలబడి అన్నాడు. "మీ ఇంటి గాట్లే. నాదే తప్పు. మిషన్ నేత అని నోరు జారినా. ఈ నేత మిషన్‌కు వస్తాదా."

పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన జేజి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నేను ఎగిరి గంతెయ్యబోయి, జేజి మొహం చూసి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు. టీవీ దగ్గరికి పోయి, వేలితో ఆ గీతల మీద గాల్లోనే గీసింది. అప్పుడు నేనూ చూశాను. గీతలు ఎడమవైపు వాలి ఉన్నాయి.

వెనక్కు తిరిగితే అమ్మ తలుపు దగ్గర గోడకు ఆనుకుని, తల దించుకుని నిలబడి ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, బండెక్కేటప్పుడు ఆమె భయమెందుకో. ఇన్ని నెలలూ ఆమెకు తెలుసు. ఆ షూటింగ్ మనిషి దొంతి దించి, పైనున్న జేజివన్నీ పక్కన పెట్టి, అడుగునున్న తనది ఏరుకోవడం కళ్ళారా చూసింది. చూసి, అత్త మాట పోకూడదని నోరు మూసుకుంది.

నేను జేజి చెవి దగ్గరికి వంగాను. గదిలో ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే.

"జేజీ, ఒక్కోసారి సినిమావాళ్ళు బొమ్మను అద్దంలో చూపినట్టు తిప్పుతారు. కుడి ఎడమవుతాది" అన్నాను.

జేజి నా వైపు ఒక క్షణం చూసింది. తర్వాత టీవీలో పెద్దాయన వెనక ఆగి ఉన్న లారీని చూపించింది.

"ఆ లారీ మీద ఏమో రాసినారే. అది చదువు."

లారీ మీద అక్షరాలు తిన్నగా ఉన్నాయి. తిరగబడలేదు.

"చదవగలుగుతాండావా?"

"ఆ" అన్నాను.

"అయితే తిప్పలేదు" అంది జేజి. అని, గదిలోని అందరి వైపూ తిరిగింది. ఊరుకుంటే సరిపోయేది. ఒప్పుకోవలసినవాళ్ళు ఒప్పుకున్నారు, మర్యాద దక్కింది, మజ్జిగ తాగి ఇంటికి పోవచ్చు. జేజి ఊరుకునే మనిషి కాదు.

"అప్పా, నువ్వు అన్నదీ తప్పే, నేను అన్నదీ తప్పే. అది మా ఇంటి కంబళే. నాది కాదు. నా గాట్లు ఇట్ల వాలవు. అది నా కోడలు నేసింది, ఎడంచేత్తో. నేను దొంతి అడుగున పెట్టినా. వాళ్ళు నావన్నీ పక్కకు నెట్టి దాన్ని ఏరుకున్నారు."

 అని, తలుపు వైపు తిరిగింది.

"ఈడికి రా నాగలతా."

అమ్మ కదలలేదు. జేజే పోయి ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని, టీవీ ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ చెయ్యి ఎత్తి అందరికీ చూపించింది. అమ్మ మొహమంతా కన్నీళ్ళు. నేను మా అమ్మను చూశాను, మా జేజిని చూశాను, వీళ్ళిద్దరి ఇంట్లో పుట్టినందుకు నాకు గుండె పట్టనంత గర్వం వచ్చింది. దాన్ని దాచుకోవాలనిపించలేదు. ఏడ్చేశాను.

ఆదినారాయణ టీవీలోని గీతలనూ అమ్మ చేతినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "నాకూ ఒక కంబళి కావాలవ్వా. ఇట్లాంటిదే" అన్నాడు.

"నన్నడుగుతావేందప్పా? నేసిన మనిషి నీ ఎదురుగానే ఉండాది, ఆమెనడుగు" అంది జేజి.

అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "చలికాలానికి ఇస్తాలే అన్నా" అంది మెల్లగా. మా అమ్మ ఒకరికి మాట ఇవ్వడం నేను వినడం అదే మొదలు.

 ఇల్లు చేరగానే జేజి కాళ్ళు కూడా కడుక్కోకుండా కంబళ్ళ దొంతి ముందు కూర్చుని, పైనుంచి ఒక్కొక్కటీ దించడం మొదలుపెట్టింది. అడుగున ఉన్న అమ్మవి పైకి తీసి, దుమ్ము దులిపి, మూలలు సరిచేసి, గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకు ముందుగా కనిపించే చోట పేర్చింది. నాకు జాలేసింది. ఇక జేజివి వాటి కింద పడతాయి కదా అనుకున్నాను.

ఆమె తనవి తెచ్చి, అమ్మ దొంతి పక్కనే ఇంకో దొంతి వేసింది.

నేను నవ్వడం చూసి కళ్ళెర్రజేసింది.

"ఏందే నవ్వుతావు? అడుగున పెట్టేదానికి నావేమన్నా తక్కువయినాయా? రెండూ ఉంటాయి. వచ్చినోళ్ళు ఏరుకుంటారు."